శ్రుతి తప్పడం మర్చిపోయిన మా బావగారు

మొన్న బావగారు మా ఊరొచ్చినప్పుడు అరోరాలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఆ ఇంటివాళ్ళ పదేళ్ళ పాప మా బావగారి కుడి కనుబొమ్మ మీది మచ్చని కాసేపు పరీక్షగా చూసి, "అంకుల్, ఇక్కడ ఏం అయింది? కార్ యాక్సిడెంటా?" అని అడిగింది. బావగారు పప్పు కలుపుకుంటూ, "కాదమ్మా, మ్యూజిక్" అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఏడు కుట్లూ వేస్తుండగా పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి నేను నవ్వలేదు.

మా అక్క భర్త మందుల కంపెనీలో కెమిస్టు. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో బొద్దింక కనిపిస్తే చీపురు తియ్యరు, దానికి దారిచ్చి పక్కకి జరుగుతారు. అలాంటి మనిషికి నలభయ్యో ఏట ల్యూట్ పిచ్చి పట్టింది. ల్యూట్ అంటే మన వీణకి యూరప్‌లో ఉన్న దూరపు చుట్టం అనుకోండి. బొప్పాయిని నిలువునా కోసినట్టు బొజ్జ, ఎవరో విరగ్గొట్టినట్టు వెనక్కి వంగిన మెడ, కిలో అయినా ఉండని బరువు. శబ్దం కూడా బరువుకి తగ్గట్టే. ఆయన హాల్లో వాయిస్తుండగా వంటింట్లో అక్క పోపు వేసిందంటే ఆ పాట అక్కడితో సరి. పక్కింటివాళ్ళు ఏనాడూ కంప్లెయింట్ చేయలేదు. ఆయన వాయిస్తారన్న సంగతే వాళ్ళకి తెలియదు.

నెలకో శనివారం పిస్కాటవేలో ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఎనిమిది మంది చేరేవారు. బావగారికి ల్యూట్‌ని పసిబిడ్డలా ఒళ్ళో పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి కనుక, అప్పట్లో అక్కడే ఉండే నాది డ్రైవింగ్. అంత మెత్తటి సంగీతం వాయించేవాళ్ళు అంత కోపిష్టులై ఉంటారని నేననుకోలేదు. కుడిచేతి బొటనవేలు వేళ్ళ లోపల ఉండాలా బయట ఉండాలా అన్న విషయం మీద ఇద్దరు ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. అయినా జంటగా వాయించేవారు. ఒకసారి ఒక ఫ్లాస్కు వెళ్ళి గోడకి తగిలింది. దారిలో ఒకాయన చెవి కూడా ఉంది. వాళ్ళందరూ ఏకీభవించే రూలు ఒక్కటే: తీగలు పాతకాలంలోలాగా గొర్రె పేగుతో చేసినవే కావాలి. నైలాన్ కట్టినవాళ్ళకి అక్కడ కుర్చీ లేదు.

మా అక్క ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వదు. "ఆ పేగులు లోపలికొస్తే నేను బయటికి పోతా. మీరూ మీ గొర్రే కూర్చుని వాయించుకోండి" అంది. బావగారు మాటిచ్చారు. ఇచ్చి, నైలాన్ తీగల్ని పసుపులోనూ టీ డికాషన్‌లోనూ నానబెట్టి అచ్చం పేగు రంగు తెప్పించారు. చదువుకున్న చదువు ఎక్కడో ఒకచోట అక్కరకి రావాలి కదా. మూడేళ్ళు గడిచిపోయాయి. ఈ దేశంలో ఆయన మిగతా అందరితో గ్రీన్ కార్డ్ గురించి మాట్లాడేవారు. ఆ ఏడుగురితో మాత్రమే తనకిష్టమైనది మాట్లాడేవారు. అందుకే ఆ కుర్చీ పోతుందేమోనని ప్రతి నెలా భయపడుతూనే వెళ్ళేవారు.

ఒక జులైలో బేస్‌మెంట్‌లో ఏసీ పాడైంది. తేమకి పేగు తీగలు శ్రుతిలో నిలవవు. ఏడుగురూ చెమటలు కక్కుతూ రెండు నిమిషాలకోసారి తీగలు బిగించే బిరడాలు తిప్పుకుంటున్నారు. బావగారు పదింటికి శ్రుతి చేసుకున్నారు. పన్నెండైనా చెక్కుచెదరలేదు. శ్రుతి తప్పినట్టు నటించాలన్న ఆలోచన ఆ అమాయకుడికి రాలేదు. పక్కన కూర్చున్నాయన రిటైరైన కుస్తీ కోచ్. ఆయనది థియోర్బో, అంటే మనిషంత పొడుగు మెడ ఉన్న ల్యూట్. "నువ్వు ఇంతవరకు ఒక్క బిరడా తిప్పలేదు" అన్నాడు. "మా ఇంట్లో ఏసీ మంచిదండీ" అన్నారు బావగారు. అంత నీరసమైన అబద్ధం నేను మళ్ళీ వినలేదు.

కోచ్ వంగి, బావగారి ల్యూట్ బిరడా దగ్గర వేలాడుతున్న తీగ కొస కత్తిరించి లైటర్‌తో అంటించాడు. పేగైతే జుట్టు కాలిన వాసన రావాలి. అది కరిగి చిన్న పూస అయింది. "ప్లాస్టిక్" అన్నాడు, ఇంట్లో శవం దొరికినవాడి గొంతుతో.

తర్వాతిది అరనిమిషంలో అయిపోయింది. కోచ్ ల్యూట్ మెడ పట్టుకుని గుంజాడు. బావగారు వదల్లేదు. వదలకపోగా, బొద్దింకలకి దారిచ్చే ఆ మనిషి వంగి కోచ్ మణికట్టుని నెత్తురొచ్చేలా కొరికారు. కోచ్ మోచేత్తో ఒకటిచ్చాడు. బావగారు వెళ్ళి ఇనప మ్యూజిక్ స్టాండ్ మీద పడ్డారు. కనుబొమ్మ చిట్లింది. విడదీయబోయిన, బృందంలోకెల్లా పెద్దాయనకి థియోర్బో మెడ తగిలి రెండు పళ్ళు రాలాయి. బొటనవేలు శత్రువులిద్దరూ ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. కోచ్ బూటు కింద ల్యూట్ అప్పడంలా నలిగింది. అది పుట్టాక చేసిన అతి పెద్ద చప్పుడు అదే. నేను పోలీసులకి ఫోన్ చేశాను. వచ్చిన ఆఫీసర్ ముక్కల్ని చూసి, "గిటార్ గొడవా?" అన్నాడు. "గిటార్ కాదు" అన్నారు ఎనిమిది మందీ ఒకే గొంతుతో, పళ్ళు ఉమ్ముతున్నాయనతో సహా.

ఎమర్జెన్సీకి అక్క వచ్చింది. జరిగిందంతా చెప్పాను. "నాకిచ్చిన మాట కోసం తన్నులు తిన్నారా?" అంది మెల్లగా. "తినడమేనా, ఒకాయన్ని కొరికారు కూడా. ఇక శాకాహారినని చెప్పుకోకండి బావగారూ" అన్నాను. "నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అన్నారు.

వారం తిరక్కుండా బృందం నుంచి ఈమెయిల్ వచ్చింది. బావగారికి ఏడాది సస్పెన్షన్. కోచ్‌కి ఏమీ లేదు. మనిషిని కొట్టకూడదని వాళ్ళ రూల్స్‌లో లేదు, నైలాన్ సంగతి ఉంది. "రూల్ ప్రకారం కరెక్టే" అన్నారు బావగారు. కానీ ఆ శనివారం వస్తే పదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కూర్చునేవారు. అక్క నాలుగు నెలలు చూసింది. ఐదో నెల, "వెళ్ళి ఆ పేగులు తెచ్చుకోండి. దేవుడి గది వైపు మాత్రం రావద్దు" అంది.

"మరి నీకిచ్చిన మాట?"

"నేనే వెనక్కిచ్చేస్తున్నా. ఇలా కూర్చుంటే చూడలేకపోతున్నాను."

పెద్దాయన కొత్త కట్టుడు పళ్ళతో వచ్చి, ఆ ముక్కలన్నీ అతికించిన ల్యూట్ తెచ్చిచ్చాడు. మరుసటి జులైలో బావగారు పేగు తీగలతో వెళ్ళారు. రెండు నిమిషాలకే శ్రుతి జారింది. బిరడా తిప్పారు, మళ్ళీ జారింది. కోచ్ చెవి ఒగ్గి విన్నాడు. క్షమాపణ లేదు, పలకరింపు లేదు. తన కుర్చీ జరిపి చోటిచ్చాడు.

ఇన్నేళ్ళయినా బావగారు ఇప్పటికీ వెళ్తున్నారు. కోచ్ లేడు, పెద్దాయన లేడు, బొటనవేలు ఇద్దరిలో ఒకాయన లేడు. మిగిలినాయన జంట పాటలో తన సగం మాత్రం వాయించి ఆపేస్తాడట. వాళ్ళనెవరూ సస్పెండ్ చేయలేదు. ఏడాదితో సరిపెట్టే అలవాటు కాలానికి లేదు.