గేటు దగ్గరి కరెంటు

మా ఆయన పట్నంలో భూమి కింద రైలు స్టేషన్ తవ్వే పనికి వెళ్ళి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము నింపుకుని కొత్తవలస తిరిగొచ్చాడు. అప్పటినుంచి మా బతుకు ఆక్సిజన్ మెషీన్ చుట్టూనే తిరిగింది. దగ్గు కాస్త తెరిపి ఇస్తే చాలు, ఆ స్టేషన్ గొప్పలు మొదలుపెట్టేవాడు.

"రైలు బ్రేకేసినప్పుడు దాని మోటార్లే కరెంటు పుట్టిస్తాయే. ఆ కరెంటుతోనే కింద ఫేన్లు, పైకి మోసే మెట్లు తిరుగుతాయి."

ఊపిరి తీసేసిన చోటి ఫ్యాన్ల మీద ఈ మురిపెమేమిటని నాకు ఒళ్ళు మండేది.

తుఫానుకి మా వీధి స్తంభాలన్నీ పడిపోయాయి. సిలిండర్లతో నెట్టుకొస్తూ పొదుపుగా వాడిన ఇన్వర్టర్ కూడా మూడోరోజు మధ్యాహ్నం ఆగిపోయింది. మిగిలింది ఒక సిలిండర్, అందులో గంటకు సరిపడా గాలి. ఆసుపత్రికి వెళ్దామంటే ఊరు దాటాక రోడ్డుకి అడ్డంగా చెట్లు. రైలు తీగను మాత్రం అప్పటికే బాగుచేశారు. ఇంటి వెనక గూడ్సు బళ్ళు పోతూనే ఉన్నాయి.

"రైలు గేటు కాడ స్తంభానికి సిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాది. రైలు తీగ కరెంటునే సిగ్నళ్ళకి దింపుతాది. ఎల్లి అడుగు" అన్నాడు.

తోపుడుబండి మీద నిన్ను కూడా తీసుకెళ్తానంటే వినలేదు. "ముందు మిషనొక్కటీ పట్టుకెళ్ళి ఆడతాదో లేదో సూడు. ఆడితే అప్పుడు నన్ను తీసికెళ్దువు."

పరీక్ష చేయందే లైను కలపని పనివాడి పద్ధతి అది. నాకూ సబబుగానే తోచింది. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

"సిగ్నళ్ళ కరెంటమ్మా ఇది. నా ఉద్యోగం పోతాది" అన్నాడు గేటుమాన్. బతిమాలాను, తిట్టాను, కాళ్ళమీద పడ్డాను. రెండు బళ్ళు దాటాక తనే లేచి ప్లగ్గు పెట్టాడు. మెషీన్ ఆడింది. దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

సిలిండర్ ముల్లు సున్నా మీద ఉంది. ఆయన గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. పదమని చెయ్యి పట్టి లాగితే తల నా భుజం మీదకి వాలిపోయింది.

మర్నాడు, అంతా అయిపోయాక, మెషీన్ కోసం గేటు దగ్గరికి వెళ్ళాను. అది ఇంకా ఆడుతోంది. గేటుమాన్ తన గదిలో మంచం దులిపి, దుప్పటి పరిచి ఉంచాడు.

"ఏటమ్మా, నిన్నట్నుంచి సూస్తన్నాను. ఆయన్నింకా తేలేదేటి?"