కొండ మీంచి కన్నవారిల్లు

మా అత్తది సముద్రపొడ్డున చేపలు పట్టే ఊరు. అనకాపల్లి పక్కన చెరకు పండించే ఇంటికి కోడలిగా వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత అదే ఇంటికి నేనూ కోడలిగా వచ్చాను.

ఆ ఏడాది చలికాలంలో, ఇంకా చెరకు నరకడం మొదలుకాక ముందు, ఒక పొద్దున్న అత్త అడిగింది.

"కొండెక్కుదాం, వత్తావేటి?"

చీపురుగడ్డి కోసమేమో అనుకుని కొడవలి అందుకున్నాను.

"అదెందుకు? ఉత్తినే ఎల్దాం" అంది.

జీడితోటలు దాటాక దారి నిటారుగా లేచింది. అడవి చిక్కబడి, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. ఎండుటాకుల మీద అత్త కాలు జారి మోకాలు బండకి కొట్టుకుంది. చీర మీద రక్తం చూసి భయపడ్డాను.

"దిగిపోదాం అత్తా."

"ఇంత దూరం వచ్చీసి దిగిపోతామేటి? సెయ్యియ్యి."

సగం కొండ మీద చెట్లు కాస్త ఎడమయ్యాయి. కింద శారదానది ఇసుక మేటల మధ్య పాయలుగా చీలి, చెరకు తోటల్ని ఒరుసుకుంటూ పోతోంది. నాకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది. అత్త మాత్రం నది వైపు చూడనేలేదు.

పైకి చేరేసరికి దక్షిణమంతా తెల్లటి మంచు. ఆమె బండ మీద కూర్చుని, మోకాలు పట్టుకుని ఎదురుచూసింది. పొద్దెక్కి మంచు విడిపోయాక పొలాలకు అవతల సన్నటి నీలం గీత తేలింది. నేను ఆకాశమే అనుకున్నాను.

"సముద్రం" అంది. "ఆ తాడిసెట్ల యెనకాలే మా ఊరు."

అంత దూరాన తాడిచెట్లు ఎవరికీ కనిపించవు. ఆమె మాత్రం చూస్తోంది.

"బస్సెక్కితే ఎంతసేపు అత్తా? ఓపాలి ఎల్దాం."

"ఎవలింటికెల్తాను?" అంది నెమ్మదిగా. "అమ్మ పోయింది. తమ్ముడు పడవ అమ్మీసి ఎక్కడికో పనికెళ్లిపోయేడు. ఇల్లేమో కెరటాలకి కలిసిపోనాది. బస్సు దిగితే, ఎవల కోసం వచ్చేవమ్మా అంటారు. ఏటి సెప్పను?"

మా అమ్మ ఇంకా ఉంది, మా ఇల్లుంది. అయినా ఆ క్షణాన ఇంటికి పరిగెత్తాలనిపించింది.

తర్వాత ప్రతి చలికాలం ఇద్దరం ఎక్కేవాళ్లం. రెండేళ్లుగా అత్త మోకాళ్లు వీధి గుమ్మం కూడా దాటనివ్వడం లేదు. మొన్న నేనొక్కదాన్నే వెళ్లాను. దారిలో పొదలు మూసుకుపోయి, చేతులు గీరుకున్నాయి. పైన సిగ్నల్ ఉంది. అత్తకి ఫోన్ చేశాను.

"అగుపడతందా?" అని అడిగింది.

"అగుపడతంది అత్తా. ఇయ్యాల మంచు లేదు."

"ఏ రంగులో ఉంది?"

"దగ్గిర కొంచెం పచ్చగా, దూరం పోయేకొద్దీ నీలంగా."

అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. కట్ చేయాలా అనుకుంటుండగా అంది.

"ఫోన్ పెట్టీకు. ఇంకాసేపుండు."