ముందే తవ్విన గొయ్యి

బురుల్‌కాన్ నోరంటే కష్కా-సూ ఊరందరికీ హడలే. ఆ నోటికి జడిసి గొర్రెల కాపరులు ఆమె ఇంటి ముందు నుంచి మందను తోలడం కూడా మానేశారు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దుటి నుంచి పెరట్లో వేసిన గుడారంలో నోరు మెదపకుండా కూర్చుంది. పక్కనే, తెర వెనక, మొగుడు సపరాలి శవం. నిన్న మధ్యాహ్నం పోయాడు. ఎండలు మండిపోతున్నాయి, పొద్దుగూకే లోపల మట్టి చెయ్యాలి. ఎక్కడ చెయ్యాలన్నదే తగాదా.

సపరాలి పొయ్యిలు కట్టే మేస్త్రీ. మంచు కురిసే కాలంలో ఊరు ఊరంతా అతని చేతి పొయ్యిల చుట్టూ చేరి పడుకునేది. పనిమంతుడే, కానీ తాగుబోతు. పదేళ్ళ కిందట రాజధానిలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి, అక్కడెవరో స్నేహితుడి వెంట చర్చికి వెళ్ళి, యేసు ప్రభువు భక్తుడై తిరిగొచ్చాడు. విషయం చెప్పగానే బురుల్‌కాన్ చేతిలో ఉన్న రొట్టెల కర్ర విసిరేసింది. అతను దాన్ని గాలిలోనే పట్టుకుని, తీసుకెళ్ళి అరలో పెట్టి, "టీ ఉందా?" అని అడిగాడు. ఇలాంటి మొగుడితో పోట్లాట మాత్రం ఎలా సాగుతుంది చెప్పండి!

ఆమె మతం మారలేదు. తన నమాజు తనది, తన ఉపవాసం తనది. కానీ అతను తాగుడు మానేశాడు. పాడైపోయిన తన మొగుణ్ణి తనకు తిరిగిచ్చింది ఆ కొత్త దేవుడేనని ఆమెకు లోలోపల తెలుసు. పీక మీద కత్తి పెట్టినా ఆ మాట పైకి అనేది కాదనుకోండి.

ఊరు మాత్రం క్షమించలేదు. పెళ్ళికీ పేరంటానికీ పిలుపులు ఆగిపోయాయి. అతను ఎదురుపడితే మగవాళ్ళు చెయ్యి కలపకుండా పక్కకు తప్పుకునేవారు. తీరా పొయ్యి పొగ చిమ్మిందంటే చాలు, వాళ్ళే దొడ్డిదారిన వచ్చి పిలిచేవారు. "విందుకు పనికిరానివాడు మసికి పనికొచ్చాడేం?" అని బురుల్‌కాన్ వీధిలో నిలబడి దులిపేసేది. సపరాలి మాత్రం తాపీ పట్టుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళిపోయేవాడు.

ఇక ఆ రోజు సంగతి. ఆ ప్రాంతంలో గోతులు తవ్వడానికి కూలివాళ్ళుండరు, చుట్టాలే తవ్వాలి. బురుల్‌కాన్ అన్నదమ్ముల కొడుకులు అవతలి లోయ నుంచి తెల్లారేసరికి వచ్చారు. ఇక్కడి గొడవ వాళ్ళకెవరూ చెప్పలేదు. పారలు భుజాన వేసుకుని తిన్నగా కొండ మీది శ్మశానానికి వెళ్ళి, తొమ్మిదేళ్ళకే జ్వరంతో పోయిన సపరాలి కూతురు నూర్‌జాడా సమాధి పక్కన గొయ్యి తవ్వేశారు. ఊరి పెద్దలు రొప్పుతూ కొండెక్కేసరికి వాళ్ళు పారలకంటిన మట్టి దులుపుకుంటున్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. తవ్విన గొయ్యి రాత్రికి ఖాళీగా ఉండకూడదు. శవం లేకుండా పూడ్చకూడదు కూడా. అలా చేస్తే ఊళ్ళో ఇంకో ప్రాణాన్ని పిలుస్తుందని వాళ్ళ భయం.

సపరాలి అన్న షర్షెనాలి ఊరిపెద్ద. ముల్లాను వెంటబెట్టుకుని గుడారం గుమ్మం దగ్గరికొచ్చాడు.

"చూడు మరదలా," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా, "అది ముసల్మానుల నేల. వాడు మనల్ని వదిలేసి పోయినవాడు."

"వదిలేసి ఎక్కడికి పోయాడు బావగారూ? మీ ఇంటి పక్కనే ఉన్నాడుగా!"

"అమ్మ పోయిన రోజు మేమంతా దువాకు చేతులెత్తితే వాడు కంచె అవతల నిలబడ్డాడు. కన్నకొడుకై ఉండి! 'చచ్చినవాళ్ళ కోసం మా చర్చిలో ప్రార్థించరు' అన్నాడు. ఊరంతా చూసింది."

ఆ దెబ్బ ఆమెకూ తగిలింది. ఆ రోజు ఆమే సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయింది. అయినా ఊరుకునే మనిషా?

"ఎత్తలేదు, నిజమే. అత్తగారు మంచాన పడి ఉన్న ఏడాది ఆమె గుడ్డలు ఉతికిందెవరు? మీరా, మీ తమ్ముడా?"

షర్షెనాలి ముఖం మాడిపోయింది. ముల్లా కలగజేసుకుని గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదు ముల్లా. సంప్రదాయం తన చేతిలో చెడుతుందేమోనని అతని బెంగ.

"అక్కా, ఒక్క మాటతో తేలిపోతుంది. ఆఖరి ఘడియలో అతని పక్కన నువ్వొక్కదానివే ఉన్నావు. చివర్లో కలిమా చదివి మన మతానికి తిరిగొచ్చాడని చెప్పు, చాలు. నేను నమాజు చదువుతాను, మన కొండ మీదే కూతురి పక్కన పడుకుంటాడు. ఎవరూ ఇంకేం అడగరు."

బురుల్‌కాన్ తెర వైపు చూసింది. ఒక్క మాట! అతను చివరి శ్వాస దాకా నూర్‌జాడా పక్కనే పెట్టమని అడిగాడు. ఆ ఒక్క మాట అంటే అతను కోరినట్టే జరుగుతుంది. అనకపోతే ఈ మనిషి ఎక్కడో పరాయి నేలలో ఒంటరిగా పడుంటాడు.

అంతలోనే గేటు ముందు వ్యాను ఆగింది. పట్నం నుంచి పాస్టర్ తిలేక్, మరికొందరు విశ్వాసులు దిగారు. తిలేక్ వయసులో చిన్నవాడు, కంగారుపడుతున్నాడు.

"అమ్మా, గొడవలెందుకు? పట్నంలో మా చర్చికి కాస్త స్థలముంది, తీసుకెళ్ళిపోదాం. ఈ గుడారాలూ శోకాలూ కూడా వద్దు. ఆయన ప్రభువు దగ్గరున్నాడు."

"నాయనా," అంది బురుల్‌కాన్, "ఆయన ప్రభువు దగ్గరుంటే ఉండనీ. ఆయన కూతురు మాత్రం ఈ కొండ మీదే ఉంది. నా ఇంట్లో నన్ను ఏడవద్దనడానికి నువ్వెవరు?"

పెరట్లో మగవాళ్ళు కర్రల మీద వాలి వింటున్నారు. కొందరి చూపులు వ్యాను మీద, కొందరివి కొండ మీద. ఎవడో కుర్రాడు "వ్యానెక్కించి పంపేద్దాం" అన్నాడు. బురుల్‌కాన్ మేనల్లుళ్ళు పారలు గట్టిగా పట్టుకున్నారు. ఇంకెవరైనా ఒక మాట తూలితే కొట్లాటే.

బురుల్‌కాన్ లేచి గుమ్మం బయటికొచ్చింది.

"చదవలేదు," అంది అందరికీ వినబడేలా. "నా మొగుడు కలిమా చదవలేదు. తన దేవుణ్ణే తలుచుకున్నాడు. ఆయన బతికుండగా నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు. చచ్చాక మాత్రం ఆయన మీద అబద్ధం చెప్పను."

ముల్లా కళ్ళు మూసుకున్నాడు. "అయితే నేను నమాజు చదవలేను."

"మరి ఆ గొయ్యి సంగతేంటి?" గోడ నీడలోంచి ఓ గొంతు కీచుమంది. ఊళ్ళోకెల్లా పెద్దది, కనిష్‌బూబూ ముసలమ్మ. "వీణ్ణి వ్యానులో ఎక్కించి చేతులు దులుపుకుంటారు, రాత్రికి ఆ గొయ్యి ఎవర్ని పిలుస్తుందిరా? వయసు ప్రకారం నన్నేగా! నేనింకా మునిమనవడి పెళ్ళి చూడాలి!"

ఎవరూ నవ్వలేదు. షర్షెనాలి కర్రతో నేల పొడుస్తూ నిలబడ్డాడు. గొయ్యి వదలలేడు, తమ్ముణ్ణి అందులో పెట్టనివ్వలేడు.

"శవాన్ని బయటికి తెండి," అంది బురుల్‌కాన్. "వాకిట్లో పెట్టి అడగవలసిన మాట ఒకటుందిగా. ముసల్మానా కాదా అని కాదు, మన తాతలు అడిగిన మాట. అది అడగండి బావగారూ. ఊరు ఏమంటే అదే. కాదంటే నేనే వ్యానెక్కిస్తాను."

షర్షెనాలి ముల్లా వైపు చూశాడు. ముల్లా ఔననలేదు, కాదనలేదు. "ఊరు ఏమంటే అదే," అన్నాడు షర్షెనాలి చివరికి.

తెల్లటి ఉన్ని నమదా కంబళి చుట్టిన శవాన్ని పాడె మీద తెచ్చి వాకిట్లో దించారు. ఇప్పుడు పోయినవాడి రక్తసంబంధీకుడు ముందుకొచ్చి, ఇతనెలాంటి మనిషి అని జనాన్ని అడగాలి. షర్షెనాలి పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఒకసారి ప్రయత్నించాడు, మళ్ళీ ప్రయత్నించాడు, ఊహూఁ.

బురుల్‌కాన్ పాడె తలవైపుకొచ్చి నిలబడింది. మగవాళ్ళ మధ్యకు ఆడది వచ్చి ఆ మాట అడగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"జనమా! నా మొగుడు సపరాలి ఎలాంటి మనిషి?"

ఒక్కరూ మాట్లాడలేదు. తలలు వంగిపోయాయి. మంచివాడంటే ముల్లాను కాదన్నట్టు. చెడ్డవాడంటే అబద్ధం, అదీ శవం ముందు. బురుల్‌కాన్ గేటు వైపు చూసింది. అయిపోయింది, వ్యానే గతి అనుకుంది. ఛీ, ఏం ఊరిది, ఏం మనుషులు వీళ్ళు అనుకుంది.

ముల్లా ముందుకొచ్చాడు.

"అతను వెళ్ళిన దారి తప్పు," అన్నాడు. "నమాజు చదవను, అది నా వల్ల కాదు." పాడె వైపు తిరిగాడు. "కానీ ఈమె అబద్ధం ఆడలేదు, నేనెలా ఆడను? మంచి మనిషి."

"మంచి మనిషి," అన్నారు వెనకెవరో.

"మంచి మనిషి!" అంది కనిష్‌బూబూ, ఆడవాళ్ళు అనకూడదని తెలిసీ. ఆపైన వాకిలంతా అదే మాట. పాస్టర్ తిలేక్ పాడెకు భుజం పట్టబోతే ఎవరూ వద్దనలేదు.

పాడె లేచింది. పదేళ్ళుగా సపరాలిని పేరు పెట్టి కూడా పిలవని షర్షెనాలి కర్ర వదిలేసి, పాడె వెంట పరుగెడుతూ, "తమ్ముడూ! ఒరేయ్ నా తమ్ముడూ!" అని ఊరు దద్దరిల్లేలా ఏడ్చాడు.

ఆడవాళ్ళు కొండ మీదికి వెళ్ళకూడదు. బురుల్‌కాన్ గుడారంలోకి వెళ్ళి, గోడకేసి తిరిగి కూర్చుని, అప్పుడు శోకం అందుకుంది.