పట్టా ముక్క మీద ఒక్క దెబ్బ

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే నాకు ఐసు ఫ్యాక్టరీయే. మా అమ్మానాన్నలకి కడియంలో నర్సరీ పని. ఎండాకాలం వచ్చిందంటే మొక్కలకి నీళ్ళు పెట్టడంతోనే వాళ్ళకి పొద్దుపోయేది. అందుకని బడి మూసెయ్యగానే నన్ను తీసుకెళ్ళి నరసాపురంలో మా పెదనాన్న గారింట్లో దింపి వచ్చేవారు. మా పెదనాన్న అక్కడి ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరు. ఫ్యాక్టరీ వెనక గోడని ఆనుకునే వాళ్ళ ఇల్లు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ రెండు నెలలూ ఆ ఇంటికి నేనే మహారాణిని, ఆ సంగతి నాకు బాగా తెలుసు కూడా.

నాకిప్పుడు అరవై దాటాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి, ముప్పై ఏళ్ళ పైనుంచి రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో గ్యాసు సెన్సర్లు బిగిస్తున్నాను. మేడం గారికి చాదస్తం ఎక్కువ అని నా వెనకాల అనుకుంటారు. ఒక్కోసారి ముందరే అనేస్తారు. నాకేం కోపం రాదు, ఉన్న మాటే కదా. అది ఎక్కణ్ణుంచి పట్టుకుందో చెప్పాలంటే మాత్రం ఆ ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళాలి.

ఐసు గడ్డ కట్టించేది అమ్మోనియా. పైపుల్లో తిరుగుతున్నంతసేపూ అది మన పనిమనిషి, బయటికొచ్చిందంటే మన ప్రాణాలు తీస్తుంది. ఆ రోజుల్లో దాన్ని కనిపెట్టడానికి సెన్సర్లూ సైరన్లూ ఏవీ లేవు. మా పెదనాన్న గంధకం పూసిన పుల్ల వెలిగించి పైపుల అతుకుల దగ్గర తిప్పేవారు. ఎక్కడైనా లీకవుతుంటే అక్కడ పొగ తెల్లగా చిక్కబడేది. ఒకసారి నాకు చూపించారు. పుల్లని నా మోకాళ్ళ దగ్గర పట్టుకుంటే ఏమీ లేదు. దాన్నే ఒక కర్రకి కట్టి పైకప్పు దాకా ఎత్తేసరికి తెల్లటి పొగ. అమ్మోనియా పైకెళ్ళి కూర్చుంటుందనీ, కిందున్నవాడి ముక్కుకి తెలిసేలోపే పైనున్నవాడి పని అయిపోతుందనీ చెప్పారు. నేను చప్పట్లు కొట్టాను, గారడీ చూసినట్టు.

ముఖ్యమైన వాల్వులన్నీ పైనే ఉండేవి. ఇనప మెట్లెక్కి వెళ్తే పైకప్పు కింద సన్నటి బల్ల లాంటి ప్లాట్‌ఫారం. గంటకోసారి ఆయన పైకెక్కి, పుల్ల తిప్పి చూసుకుని దిగి రావాలి. ఆ గదిలో ఆయనొక్కరే. కంప్రెసర్ హోరులో పైనుంచి ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. అందుకని ఆయనే ఒక ఏర్పాటు చేసుకున్నారు. మెట్ల కింద రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. పక్కనే తాడుకి కట్టిన పెద్ద బోల్టు. పైనుంచి క్షేమంగా దిగిన ప్రతిసారీ దాని మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టేవారు. కంప్రెసర్ హోరుని కూడా చీల్చుకుని ఆ మోత గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది.

ఇంట్లో మా పెద్దమ్మ లేసు అల్లుకుంటూ ఉండేది. గోడ గడియారం గంట కొట్టగానే సూది కాస్త నెమ్మదించేది. పట్టా మోగిందా, సూది మళ్ళీ పరుగు. మోగకపోతే పరిగెత్తుకెళ్ళి పనివాళ్ళని కేకెయ్యాలి, అదీ వాళ్ళిద్దరి ఒప్పందం. మామూలుగా ఆపద వస్తే గంట కొడతారు. ఇదేంటి, బాగుంటే కొట్టడం అని నేను అడిగాను. ఆపదలో ఉన్నవాడికి గంట కొట్టే ఓపిక ఎక్కడుంటుందే అని నవ్వింది పెద్దమ్మ. ఆ మాటలోని తెలివి నాకు కాలేజీకి వెళ్ళాక గానీ అర్థం కాలేదు.

ఆ పట్టా ముక్కని ఒక్కసారి కొట్టాలని నాకు మూడు వేసవుల నుంచీ ఆశ. ఏది అడిగినా కాదనని పెదనాన్న అదొక్కటే ఒప్పుకోలేదు. "ఇది ఆట కాదమ్మడూ" అనేవారు. నేను అలిగేదాన్ని. ఐసు ముక్క చేతిలో పెట్టి ఊరుకోబెట్టేవారు.

నాకు పదేళ్ళు అప్పుడు. మంచి ఎండలు. ఒకరోజు పెద్దమ్మ నాకు క్యారేజీ ఇచ్చి పంపింది. నేను గుమ్మం దాటుతుంటే గడియారం పన్నెండు కొట్టింది. నేను వెళ్ళేసరికి మెట్ల కింద ఎవరూ లేరు. పెదనాన్న పైనున్నారని తెలుసు. కాసేపు నిలబడ్డాను. బోల్టు నా ఎదురుగానే వేలాడుతోంది. ఆయన ఇంకా దిగలేదు, పెద్దమ్మ కంగారు పడుతుందేమో, నేనే కొట్టేస్తే పోలా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ పదేళ్ళ పిల్ల తరఫున నేను చెప్పుకోగలిగింది ఆ ఒక్క ముక్కే. అదీ సగమే నిజం. మిగతా సగం నా ఆశ.

రెండు చేతులా బోల్టు పట్టుకుని ఒక్క దెబ్బ కొట్టాను. ఎంత బాగా మోగిందో. పళ్ళ దాకా జిల్లుమంది.

తర్వాత కళ్ళు మండటం మొదలైంది. ఆ గదిలో ఎప్పుడూ ఉండే ఘాటే కదా అనుకుని క్యారేజీ అక్కడే పెట్టి లోడింగు వైపు వెళ్ళిపోయాను. అక్కడ పడవల వాళ్ళ కోసం ఐసు కొడుతున్నారు. ఒక ముక్క తీసుకుని చప్పరిస్తూ చూస్తూ కూర్చున్నాను. పెదనాన్న సంగతే మర్చిపోయాను.

ఒంటిగంట దాటాక మా పెద్దమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో సగం అల్లిన లేసు అలాగే ఉంది. దారం ఉండ ఇంట్లోనే ఉండిపోయినట్టుంది, తెల్లటి దారం మట్టిలో ఆవిడ వెనకాలే వచ్చింది. "మోగలేదు బాబూ, ఒంటిగంటది మోగలేదు" అంటోంది. ఎవరో కంప్రెసర్ ఆపారు. ఆ హోరు ఆగగానే పైనుంచి మూలుగు వినపడింది. ఇద్దరు ముగ్గురు తడి తువ్వాళ్ళు మొహానికి చుట్టుకుని మెట్లెక్కారు.

జరిగింది తర్వాత తెలిసింది. పన్నెండింటికి ఎక్కినప్పుడే ఒక వాల్వు దగ్గర పట్టు వదిలి గ్యాసు సూటిగా ఆయన కళ్ళలోకి కొట్టింది. మెట్ల కోసం తడుముకుంటుంటే కాలు పైపుల మధ్య ఇరుక్కుంది. భుజం మీది తడి తువ్వాలు ముక్కుకి అదిమిపెట్టుకుని, ప్లాట్‌ఫారానికి బోర్లా అతుక్కుని గంటసేపు అలాగే ఉన్నారు. ప్రాణం దక్కింది. కళ్ళు దక్కలేదు.

ఆసుపత్రిలో ఫ్యాక్టరీ యజమాని వచ్చి అడిగారు. పన్నెండింటికి మోగిందని మీ ఆవిడ చెబుతున్నారు, మరి ఎప్పుడు జరిగిందీ అని. నేను పెద్దమ్మ చీర కొంగు పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. పెదనాన్న రెండు కళ్ళకీ కట్లు. మాట సరిగ్గా రావడం లేదు. "పన్నెండింటికి దిగొచ్చి కొట్టానండి. ఏదో అనుమానం వచ్చి మళ్ళీ ఎక్కానండి" అన్నారు.

నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం.

ఆ ఒక్క మాట ఆయనకి ఏం చేసిందో అప్పుడు నాకు తెలియలేదు. పెద్దమ్మతో చెప్పకుండా రెండోసారి ఎక్కకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమమే. దాన్ని ఆయనే తప్పారని అందరూ అనుకున్నారు. ఇంత తెలిసినవాడివి నువ్వే ఇలా చేస్తే ఎలాగయ్యా అన్నారు యజమాని, మంచం పక్కనే నిలబడి, అందరి ముందూ. ఇరవై ఏళ్ళు ఒక్క పొరపాటు లేకుండా పని చేసిన మనిషి. తర్వాత కొత్త ఆపరేటర్లు వస్తే అజాగ్రత్తకి ఉదాహరణగా ఆయన పేరే చెప్పేవారట. ఇంట్లో పెద్దమ్మది ఇంకో బాధ. "ఆ రెండోసారి ఎందుకెక్కారండీ?" అని అన్నం పెడుతూ అడిగేది, స్నానానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తూ అడిగేది.

మరుసటి వేసవికి నేను రానని ఏడ్చాను. అయినా పంపారు. పెదనాన్న అరుగు మీద కూర్చుని పెద్దమ్మకి లేసు దారం ఉండ చుడుతున్నారు. చూపు లేకపోయినా చేతులు ఊరుకోవు కదా. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నాను. దారం చుట్టడం ఆపలేదు.

"ఆ రోజు గట్టిగానే కొట్టావమ్మడూ. పైకి బాగా వినపడింది" అన్నారు.

అప్పటిదాకా ఆయనకి తెలియదనుకున్నాను. కళ్ళు కాలిపోతూ, కాలు ఇరుక్కుని, కాసేపట్లో మోత వినపడక భార్య పరిగెత్తుకొస్తుందని ఎదురు చూస్తున్న మనిషికి కింద తన పట్టా ముక్కే మోగడం వినపడింది. ఇంకో గంటదాకా ఎవరూ రారని ఆ క్షణమే తెలిసిపోయి ఉంటుంది. కొట్టింది ఎవరో కూడా.

ఏడుస్తుంటే నన్ను దగ్గరికి తీసుకున్నారు. తిట్టలేదు. చాలా మెల్లగా, "ఒకళ్ళు బాగున్నారని వాళ్ళ బదులు ఇంకొకళ్ళు చెప్పకూడదమ్మా. అది వాళ్ళే చెప్పాలి" అన్నారు. చిన్నపిల్లవి, నీకెందుకు ఈ బరువు, ఇది మన దగ్గరే ఉండనీ అని కూడా అన్నారు. అరుగు మీద తన పక్కనున్న దిండు కింద నుంచి ఆ బోల్టు తీసి నా చేతిలో పెట్టారు. ఎవరో తెచ్చి ఇచ్చారట, దాచుకున్నారు. బరువు నాకెందుకన్న మనిషి ఆ బోల్టెందుకు ఇచ్చారని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఇంకా పూర్తిగా తెలియలేదు. నా పనిసంచీలో అడుగున అదే ఉంటుంది.

ఇప్పుడు నేను బిగించే సెన్సర్లూ ఆ పట్టా ముక్క లాంటివే. గ్యాసు ఏమీ లేనప్పుడు కూడా వాటి నుంచి ప్యానెల్‌కి కాస్త కరెంటు వస్తూనే ఉండాలి. బాగానే ఉన్నాను అని చెబుతూ ఉండటమన్నమాట. వైరు తెగినా, సెన్సర్ చచ్చినా ఆ కరెంటు ఆగిపోతుంది, సైరన్ మోగుతుంది. కాలేజీలో ఈ పాఠం చెప్పిన రోజు నేను క్లాసులోంచి లేచి బయటికి వచ్చేశాను. అమ్మోనియా సెన్సర్‌ని చేతికందే ఎత్తులో పెట్టమంటారు ప్లాంటు వాళ్ళు, తుడుచుకోవడానికి సులువని. నేను నిచ్చెన వేయించి పైకప్పు దగ్గరే పెట్టిస్తాను. ఈ మోకాళ్ళ నొప్పులతో నేనే ఎక్కి చూస్తాను.

మొన్న ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు నా వెంట పడ్డాడు. కుర్రాడు మంచివాడే. ఒక సెన్సర్ మాటిమాటికీ సైరన్ కొట్టి పని ఆపేస్తోందట. "మేడం గారండీ, ఆ రెండు టెర్మినళ్ళ మధ్య చిన్న వైరు ముక్క పెట్టేద్దామండి. ప్యానెల్‌కి అంతా బాగున్నట్టే ఉంటుందండి. సీజను అయ్యాక తీసేద్దాం" అన్నాడు. జంపర్ అంటారు దాన్ని మా పనిలో. నేను సంచీలోంచి బోల్టు తీసి అతని చేతిలో పెట్టాను. ఏంటండీ ఇది అన్నాడు. మా పెదనాన్న కళ్ళు అన్నాను. బోల్టు తిరిగిచ్చి నిచ్చెన తెచ్చాడు పాపం. సాయంత్రం దాకా కూర్చుని వదులైన కనెక్షన్ ఎక్కడుందో వెతికి బిగించాం. తర్వాత ఎప్పటిలాగే ఒక వైరు నా చేత్తో నేనే ఊడలాగాను. సైరన్ మోగింది. మళ్ళీ పెట్టి, అప్పుడు సంతకం చేశాను.

పెదనాన్న పోయాక పెద్దమ్మ చాలా ఏళ్ళు బతికింది. చివరి రోజుల్లో నేనే దగ్గరున్నాను. ఒకరోజు మంచంలోంచి నా చెయ్యి పట్టుకుని, "రెండోసారి ఎందుకెక్కారే ఆయన? నీకేమైనా చెప్పారా?" అని అడిగింది. నోటి దాకా వచ్చింది. ఏమో పెద్దమ్మా, నాకేం తెలుసు అన్నాను. ఆ వారంలోనే పోయింది.

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ వైర్లు ముట్టుకోకముందే ఇదంతా చెబుతాను. వాళ్ళకి జంపర్ సంగతి అర్థమైతే చాలు. నేను చెప్పేది మాత్రం ఆవిడకే. ఆయన రెండోసారి ఎక్కలేదు పెద్దమ్మా. ఎక్కింది ఒక్కసారే.