నాటిన నాలుగో దినం

మోతె దగ్గర స్నేహితుడి పొలం ఇంట్లో వారం గడపాలని వెళ్లి, రెండో రోజే సూర్యాపేట బస్సెక్కాను. కొంగలను చూశాను, కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు.

బస్సులోనూ నా మోకాలు ఆడుతూనే ఉంది. పక్కన కూర్చున్న పెద్దావిడ పాదాల మీద బురద ఎండిపోయి ఉంది.

"ఎందుకు బిడ్డా గంత పరేషాన్?" అంది.

ఊళ్లో మనసు నిలవలేదన్నాను. స్నేహితుడి పేరు చెప్పి, వాళ్ల పొలం ఇంటి ముందు మడిలో నిన్న నాటిన వరి అప్పుడే వాడి వాలిపోయిందని, చచ్చిన పైరును చూస్తూ కూర్చోలేకపోయానని కూడా చెప్పాను.

"గా మడి మేం నాటిందే. సావలే. నారు పీకి నాటినంక మూడు దినాలు గట్లనే పండుకుంటది. నాలుగో దినం లేస్తది. జర ఆగితే సూసెటోనివి."

అంటూనే, నీళ్లలో నాని ముడతలు పడిన చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. ఆమె దిగేదాకా మోకాలు కదల్లేదు.

నాలుగో దినం పొద్దున నేను, సెలవు ఇంకా మిగిలుండగానే, ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. లిఫ్టు వచ్చేలోపు ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కానో.