బావ ఫ్రిజ్‌లో సముద్రపు బురద

మా చెల్లెలి భర్తకు ముదినేపల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. గట్టు మీద షెడ్డులో ఒక ఫ్రిజ్. అందులో సగం చేపల మందులు, సగం బీరు. బందరు నుంచి ఏలూరు ల్యాబ్‌కు వెళ్తూ మా చెల్లికి తెలిసిన ఒక పరిశోధకురాలు తన సీసాను నమ్మి పెట్టింది ఆ ఫ్రిజ్‌లోనే.

సీసాలో ఉన్నది లోతు సముద్రపు అడుగు బురద. రొయ్యల కోసం దూరం పోయిన బోటు వలకి అంటుకొచ్చింది. వెలుతురు చేరని ఆ చలిలో బతికే బాక్టీరియా, పక్కవాటిని చంపడానికి విషాలు తయారుచేసుకుంటాయట. పాత యాంటీబయాటిక్‌లకు లొంగని జబ్బులకు వాటిలోంచి కొత్త మందు తీయాలని ఆ అమ్మాయి పట్టుదల. మర్నాటి నుంచి వేట నిషేధం, రెండు నెలలు బోటు కదలదు. ల్యాబ్‌కు ఆదివారం తాళం. ఆ ఒక్క సీసా సోమవారం దాకా చల్లగా ఉండాలి.

"లోపలున్నవి ప్రాణాలు అంకుల్, జాగ్రత్తండీ," అని చెప్పి బస్సెక్కింది.

మా బావకు ప్రాణులంటే మహా ప్రేమ. ఒక చేప పక్కకి ఒరిగితే చాలు, చెరువంతా మందు కొడతాడు. ఒరగకపోయినా, పక్క చెరువాయన కొట్టాడని కొడతాడు.

సోమవారం ఆమె సీసా పట్టుకెళ్లింది. కొన్నాళ్లకు, నేను వాళ్లింట్లో ఉండగా ఫోన్ చేసింది; బావ స్పీకర్‌లో పెట్టాడు. బురదలోంచి ఒక్కటీ పెరగలేదట.

"మూత తీశారా అంకుల్?"

"తీశానమ్మా. కుళ్లిన గుడ్ల కంపు. పాపం, చచ్చిపోతాయేమోనని చెంచాడు చేపల మందు పొడి వేశా. మంచి సరుకు, మనుషులకి డాక్టర్లు రాసేదే."

"యాంటీబయాటిక్ వేశారా?"

"మరి ఊరికే వదిలేస్తామా?"

నేను పేపర్లో తల దూర్చాను.

"అదేదో నీ బీరులో వేసుకోకపోయావా!" అంది వంటింట్లోంచి మా చెల్లి.

బావ నిజంగానే నొచ్చుకున్నాడు. మా చెరువు బురద బస్తాడు పంపిస్తానన్నాడు. "మీ చెరువులో మందు తప్ప ఏముంటుంది అంకుల్?" అంది ఆ అమ్మాయి.

నిషేధం ఎత్తేశాక, తిరిగొచ్చిన మొదటి బోటు దగ్గరే నిలబడి ఆమె కొత్త బురద పట్టుకుంది. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కార్లో ఏలూరు వెళ్తూ, దారిలో మా చెల్లిని పలకరిద్దామని ఆగింది. కారు మాత్రం దిగలేదు.

"ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్లమ్మా," అంటూ బావ గ్లాసు పట్టుకుని బయల్దేరాడు.

ఆమె అద్దం బెత్తెడు దించింది.

"ఆంటీ చేత పంపండి అంకుల్. మీరు మాత్రం దగ్గరికి రాకండి."