నరసింగరావు గేమ్ గదిలో కార్ల నత్తనడక

భావనపాడు ఒడ్డున కూర్చుని చెవి రిక్కిస్తే చాలు, సింహళం దగ్గర పోతున్న ఓడలో ఏ బోల్టు వదులైందో నరసింగరావు చెప్పేయగలడు. దేశంలోని ఇంజన్లన్నీ ఆయన పేరు వింటే దగ్గడం మానేస్తాయి. ఈ మాట అన్నది ఆయన కాదు, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న మనవరాలు ఉష. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి రెండుసార్లూ తప్పిన పిల్ల కాబట్టి ఆమెను రుజువులు ఎవరూ అడగరు.

రుజువు అక్కర్లేని సంగతి ఒకటుంది. నరసింగరావు ఎవర్నీ నమ్మడు. ముప్పై ఏళ్లు మోటారు పడవ నడిపాడు. ఒడ్డుకు రాగానే ఇంజనుకి టార్పాలిన్ చుట్టి, వల అల్లే దారంతో తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేవాడు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుందన్న భయం సగం, మనుషులు డీజిలు పట్టుకుపోతారన్న అనుమానం సగం. పొద్దున్నే వెళ్లి, అది తను వేసిన ముడేనని తేల్చుకున్నాకే టీ గ్లాసు ముట్టేవాడు.

మోకాళ్లు మొరాయించి పడవ దిగాక, టెక్కలి నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి ఇంటి ముందుగదిలో గంటకింతని డబ్బులకు ఆటలు పెట్టాడు. దాన్లో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంది. ఇరవై ఏళ్ల కిందట టీవీకి తగిలించి ఆడిన గేమ్ డబ్బాల ఆటల్ని, ఆ డబ్బా లేకుండానే అది కంప్యూటర్‌లో ఆడిస్తుంది. అదెలాగో ఉష వివరంగా చెబితే ఆయన మొహం ముడుచుకున్నాడు.

"అంటే తను కాని దాన్ని తనే అని సెప్పుకుంటాదన్నమాట. ఇలాంటోల్ని సానామందిని సూసేను."

కంప్యూటర్ పెట్టెకి ఆ పాత టార్పాలిన్ ముక్కే చుట్టాడు. రోజూ పొద్దున ముడి విప్పి మీట నొక్కడం, వెంటనే మళ్లీ కట్టేయడం. వైర్లు మాత్రం ఒక మూల నుంచి బయటికి వచ్చేవి.

2017 వేసవిలో చేపల వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు పడవలు ఒడ్డెక్కాయి. పని లేని పడవ జనమంతా గేమ్ గదిలో చేరి, కార్ల పందెం ఆటలో జట్లు కట్టారు. ఎర్రన్న పడవ వాళ్లు ఒక జట్టు, ఈశ్వర్ పడవ వాళ్లు ఇంకో జట్టు. సరిగ్గా అప్పుడే ఆటకు జబ్బు చేసింది. మొదటి పావుగంట కార్లు గాలిలో తేలిపోయేవి. ఆ తర్వాత ఇసుకలో దిగబడినట్టు ఈడ్చుకుంటూ కదిలేవి. ఆటలోని పాట కూడా నిద్రమత్తులో పాడినట్టు సాగిపోయేది.

"మావా, గంట లెక్కన కూసోబెట్టి ఆట నెమ్మది సేత్తన్నావేటి? నీ దగ్గిరేదో మీట ఉన్నాది," అన్నాడు ఎర్రన్న.

"నాకేటి మీటరా? నువ్వే ఏటో నొక్కేసుంటావు, ముందు నీ సేతులు సూపించు!"

"నిషేధం అయ్యేలోపు ఆఖరి పందెం ఉన్నాది కదా. ఆ రోజు కూడా ఇలాగే ఈడ్సిందంటే పెద్దల ముందర పెడతాం మావా. తరవాత అనుకుని లాభం నేదు."

ఎదుటివాడిని అనుమానించడమే గాని, అనుమానం తన మీదికి రావడం నరసింగరావుకి అలవాటు లేదు. పెద్దల ముందు దొంగగా నిలబడితే, ముప్పై ఏళ్ల డ్రైవరు పేరు ఏ ఒడ్డున పారేయాలి? ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే ఉషని పిలిచాడు. ఉష ముందు వైర్లు చూస్తానని టార్పాలిన్ విప్పించి, తర్వాత సెట్టింగులు తెరిచింది. బొమ్మ ఎంత నాణ్యంగా కనబడాలో చెప్పే అంకెను తగ్గించింది. కార్లు ఇటుకల్లా తయారయ్యాయి గాని పరిగెత్తాయి. నీడలు తీసేసింది. ఇంకా బాగా పరిగెత్తాయి. మధ్యమధ్యలో కొన్ని బొమ్మలు వదిలేసి ముందుకు దూకమని ఇంకో చోట టిక్కు పెట్టింది. అరగంట ఆడినా ఎక్కడా ఆగలేదు.

"సూసేవా తాతా, సెట్టింగులంటే నా తరవాతే!"

ఆయన తృప్తిగా ముడి కట్టాడు. మధ్యాహ్నం జనం వచ్చారు. పావుగంటకి కార్లు మళ్లీ ఈడ్చుకుంటూ కదిలాయి. మూడు రోజులు ఇదే వరస. ఉష విప్పించుకుని కూర్చుంటే ఆట ఉరుకుతుంది, ఆమె లేచి వెళ్లాక మందగిస్తుంది. నాలుగో రోజు ఆయన చూపు ఎర్రన్న మీద నుంచి మనవరాలి మీదికి తిరిగింది.

"నువ్వుంటే నడుస్తాది, నువ్వెల్లిపోతే పడుకుంటాది. ఏటే కత?"

"నామీదేటి తాతా అనుమానం?"

"ఈశ్వర్‌గాడు నీకు జీళ్లు కొనిపెట్టడం నేను సూడనేదనుకున్నావేటి?"

ఉష జీడి నములుతూనే అలిగి వెళ్లిపోయింది.

పందెం రోజు గదిలో కాలు పెట్టే చోటు లేదు. గుమ్మంలో పెద్దాయన అసిరయ్య కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు. మొదటి చుట్టు బాగానే సాగింది, రెండోదీ గడిచింది. మూడో చుట్టులో ఎర్రన్న కారు ముందుకొస్తుండగా పాట సాగడం మొదలైంది.

"ఇదిగో, సేసేసేడు!" అని అరిచాడు ఎర్రన్న. "అసిరయ్య బాబూ, సూత్తన్నావా? మీట ఎక్కడో నొక్కేసేడు!"

అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. నరసింగరావు మాత్రం కళ్లు మూసుకున్నాడు. బొమ్మలు చూసినన్నాళ్లూ ఆయనకేమీ అర్థం కాలేదు. ఇప్పుడు పాట ఒక్కటే వింటున్నాడు. ఆ సాగుడు ఆయన ఎరిగినదే. ఇంజనుకి చల్లనీళ్లు లాగే గొట్టంలో నాచు అడ్డుపడితే, సముద్రం మధ్యలో అది అచ్చం ఇలాగే మూలుగుతుంది. జబ్బు బలం చాలక కాదు, వేడెక్కి.

లేచి టార్పాలిన్ కిందికి చెయ్యి దూర్చాడు. చుర్రుమంది. లోపల ఫ్యాను గోల పెడుతోంది గాని దానికి పీల్చుకోవడానికి గాలి లేదు. ముడి విప్పే ఓపిక కూడా లేక, చేపలు కోసే కత్తితో దారం తెగ్గోసి, టార్పాలిన్ గుమ్మం అవతలికి విసిరాడు. విసనకర్ర పట్టుకుని పెట్టె పక్కనే కూలబడ్డాడు. నాలుగు నిమిషాలు అదే పనిగా విసిరాడు. పాట మెల్లగా నడుం నిలబెట్టింది. కార్లు ఉరికాయి.

"అయితే ఎవుల్దిరా తప్పు?" అన్నాడు అసిరయ్య.

గదిలో అందరూ తన వైపే చూస్తున్నా నరసింగరావు విసరడం ఆపలేదు.

"నాదే. ఒడ్డున పడుకున్న ఇంజనుకి కట్టాల్సిన గుడ్డ, నడిసే ఇంజనుకి కట్టేను. మీట నేదు, మోసం నేదు. ఎర్రన్నా, కూసో. మూడో సుట్టు మొదటినుంచి ఆడండి."

ఎర్రన్నే గెలిచాడు. ఆ సాయంత్రం ఉష మళ్లీ సెట్టింగులు తెరిచి ఇటుకల్ని కార్లుగా మార్చింది. తను చేసిన మార్పులేవీ ఎందుకూ పనికిరాలేదని, మూడు రోజులూ మందు విప్పిన ముడిలోనే ఉందని అప్పటికి ఆమెకూ అర్థమైంది.

ఇదంతా రాసి ఆమె తాతకి చదివి వినిపించింది. ఓడ బోల్టు దగ్గర ఆయన మీసం కదిలింది. చివరిదాకా విని, కాగితం లాక్కుని వెనకా ముందూ తిప్పి చూశాడు.

"తప్పు నాదేనని అందరి ముందరా నేనే సెప్పేను కదే. మల్లీ కాయితం మీద పెట్టమని ఎవులు సెప్పేరు నీకు, ఎర్రన్నగాడేనా?"